చేతులు మారిన కారు: ఒక మరమ్మతు నుండి నేర్చుకొన్నవి

కారు ఇంటికి వచ్చుట ఒకప్పుడు వీధి అంతటికీ వార్త. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై తయారైన అంబాసిడర్, ఫియట్ 1100గా పుట్టి అనంతరం పద్మిని అని పేరు మార్చుకొన్న ప్రీమియర్ కారు – ఈ రెంటిలో ఏదో ఒకదానికి ముందుగా డబ్బు కట్టి, సంవత్సరాల తరబడి ఎదురుచూచిన కుటుంబాలు మన జిల్లాలలో ఎన్నో ఉండేవి. కొత్త బండి కొరకు వేచియుండలేని వారు పాత బండిని దాదాపు కొత్త ధరకే కొనుక్కొనేవారు. 1983 డిసెంబరు 14వ తేదీన తొలి మారుతి 800 తాళములను ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందజేసిన తరువాత ఆ పరిస్థితి క్రమంగా మారింది. 2014లో అంబాసిడరూ, మారుతి 800 కూడ ఉత్పత్తి నిలిచిపోయి చరిత్రలో చేరాయి. నేడు మన దేశంలో కొత్తగా అమ్ముడుపోయే కార్లకంటె చేతులు మారే పాత కార్లే ఎక్కువ. మన కళాశాల విద్యార్థులలో పలువురి ఇండ్లకు మొదటి కారు ఇట్లే రాగలదు. అందువలన మా ఇంటి అనుభవాన్ని, దానివెనుకనున్న భౌతికశాస్త్రాన్ని, కొంత చట్టాన్ని ఇక్కడ వివరింప దలచాము.

మేము కొన్న కారు పేరు చెప్పుట అనవసరం. జరిగిన దానిలో తయారుచేసినవారి తప్పు ఏమీ లేదు. తొమ్మిదేండ్ల వయసు గల చిన్న పెట్రోలు కారు. 71,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారితో ముప్పయ్యేండ్లు ఒకే కార్యాలయంలో పనిచేసిన పెద్దమనిషిది. చిన్ననాటి నుండి మేము ఆయనను బాబాయి అనే పిలుస్తాము. అమ్మకు గుండె శస్త్రచికిత్స జరిగిన పిమ్మట మూడు నెలలకొకసారి కర్నూలు నుండి హైదరాబాదు వెళ్ళి వైద్యునికి చూపవలసి వచ్చింది. బస్సులో ఆ ప్రయాణం ఆమెకు కష్టమైంది. చీటీ పాడిన సొమ్ముకు కొంత చేర్చి, జనవరిలో 1,65,000 రూపాయలకు బండిని తెచ్చుకొన్నాము. చెల్లెలి బి.ఎడ్. ఫీజుకై దాచిన డబ్బును మాత్రం ముట్టరాదని అందరమూ అనుకొన్నాము.

కొనుటకు ముందు మేము చేసిన పరీక్షను తలచుకొంటే ఇప్పుడు సిగ్గు కలుగుతుంది. రంగు చూచాము, సీట్లు చూచాము, టైర్లను కాలితో తన్ని చూచాము. ఆ తన్నుట వలన ఏమి తెలుస్తుందో నేటికీ మాకు తెలియదు గాని, కారు కొనేవారందరూ ఆ పని చేస్తారు. ఉదయం చల్లని వేళ రాజ్‌విహార్ నుండి కొండారెడ్డి బురుజు వరకు పోయి తిరిగి వచ్చాము. ఇంజను మెత్తగా నడిచింది. ఉష్ణోగ్రతను చూపు ముల్లు అడుగు గీతను విడిచి పైకి రానేలేదు. "చూచారా, ఎంత చల్లగా నడుస్తున్నదో!" అని అన్నయ్య మురిసిపోయాడు. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే మేము కూడ తల ఊపాము.

ఆ ముల్లు పైకి రాకపోవడమే మొదటి వ్యాధి లక్షణం.

ఇంజను చల్లగా ఉండుట మంచిదని మనలో పలువురు తలుస్తారు. అది సరికాదు. పెట్రోలు మండుటచే పుట్టిన శక్తిలో చక్రాలకు చేరునది మూడవ వంతుకంటె తక్కువే. మిగిలినదంతా కొంత పొగగొట్టం గుండా, కొంత ఇంజను చుట్టూ తిరిగే నీటి గుండా వేడిగా బయటికి పోవలె. అయితే ఇంజను లోహం దాదాపు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలకడగా ఉన్నప్పుడే నూనె సరిగా పలుచబడుతుంది, పెట్రోలు సరిగా ఆవిరియై మండుతుంది. ఆ నిలకడను కాపాడేది థర్మోస్టాట్ అనే చిన్న కవాటం. దానిలో ఒక మైనపు గుళిక ఉంటుంది. నీరు సుమారు 82 నుండి 88 డిగ్రీల వరకు వేడెక్కగానే ఆ మైనం కరిగి ఉబ్బి, కవాటాన్ని తెరుస్తుంది. అప్పుడే నీరు రేడియేటరుకు పోతుంది. అంతవరకు ఇంజనులోనే తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది. విద్యుత్తు గాని, మీటలు గాని లేకుండ ఘనపదార్థం కరిగి వ్యాకోచించుట అనే ఒక్క సూత్రంతో పనిచేసే ఈ పరికరాన్ని మేము ఎన్నో ఏండ్లుగా తరగతిలో ఉదాహరణగా చెబుతూనే ఉన్నాము. మా కారులో అది లేదన్న సంగతి నాలుగు నెలల తరువాత గాని తెలియలేదు.

ఫిబ్రవరి, మార్చి మాసాలలో పెట్రోలు ఖర్చు ఎక్కువగా కనిపించింది. లీటరుకు పదహారు కిలోమీటర్లు వస్తాయని బాబాయి చెప్పారు. మాకు పదకొండు దాటలేదు. అన్నయ్య నడుపుట సరిగా లేదని నాన్నగారు, నాన్నగారు పొద్దస్తమానం ఏసీ వేయిస్తున్నారని అన్నయ్య – ఇట్లు వాదించుకొన్నారే గాని కారణం వెదకలేదు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు దాని ఎలక్ట్రానిక్ నియంత్రణ యంత్రం 'ఇంకా వేడెక్కలేదు' అని భావించి పెట్రోలును అధికంగా పంపుతూనే ఉంటుంది. ఆ ఐదు కిలోమీటర్ల తేడాలో చాలా భాగం దీనివలననే.

మే నెలలో అమ్మను తీసుకొని ఐదుగురం హైదరాబాదు బయలుదేరాము. ఉదయం ఆరింటికి బయలుదేరవలసిన వారము, ఇంటి పనులు తెమలక తొమ్మిదింటికి కదిలాము. అలంపురం చౌరస్తా దాటి, బీచుపల్లి వద్ద కృష్ణ వంతెన మీదుగా పోయి, పెబ్బేరు ఇంకా రాకమునుపే ముల్లు పైకి లేచింది. ఎన్నడూ కదలని ముల్లు ఎర్ర గీత వరకు పోయింది. అన్నయ్య ఏసీ ఆపి, వేగం తగ్గించాడు. ఒక నిమిషానికి ముల్లు చటుక్కున క్రిందికి దిగింది. "హమ్మయ్య, చల్లబడింది" అని అన్నయ్య మరి రెండు కిలోమీటర్లు నడిపాడు. తరువాత బానెట్టు సందుల నుండి ఆవిరి వచ్చింది. ఇంజను దానంతట అదే ఆగిపోయింది.

మా నష్టమంతా ఆ రెండు కిలోమీటర్లలో ఉన్నది. ఉష్ణోగ్రతను కొలిచే సూచిక నీటిలో మునిగి ఉన్నప్పుడే సరిగా పనిచేస్తుంది. నీరంతా కారిపోయి, దాని చుట్టూ గాలియో ఆవిరియో మిగిలినప్పుడు అది తక్కువ వేడిని చూపవచ్చు. అనగా ఇంజను మాడిపోతున్న సమయంలోనే ముల్లు 'క్షేమం' అని చెప్పగలదు. కారు నడిపే ప్రతి విద్యార్థీ ఈ ఒక్క విషయం గుర్తుంచుకొన్నను ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే. పైకి లేచిన ముల్లు కారణం లేకుండ హఠాత్తుగా పడిపోతే వెంటనే ప్రక్కకు తీసి ఇంజను ఆపవలె.

అన్నయ్య రేడియేటరు మూతపై చేతిగుడ్డ వేసి తిప్పబోయాడు. వెనుక ఆగిన లారీ డ్రైవరు పరుగున వచ్చి, "అన్నా, మూత ముట్టొద్దు! ముఖం కాలిపోతుంది. అర్ధగంట ఆగు. వేడి ఇంజను మీద చన్నీళ్ళు కూడా పోయొద్దు, పగులుతుంది" అని గద్దించాడు. ఆ మాటలో పాఠ్యగ్రంథంలోని ఒక అధ్యాయమే ఉన్నది. సాధారణ వాతావరణ పీడనంలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి పీడనాన్ని ఇంచుమించు రెండింతలుగా పట్టి ఉంచుతుంది గనుక లోపలి నీరు 120 డిగ్రీల వరకు మరగక నిలుస్తుంది. మూత తీసిన క్షణంలో పీడనం పడిపోతుంది. 110 డిగ్రీల వద్దనున్న నీరు ఒక్కసారిగా ఆవిరియై పైకి చిమ్ముతుంది. ఆ డ్రైవరు పేరైనా అడుగలేకపోయాము. అతడే అమ్మకు లారీ నీడలో చాప పరచి, తన సీసాలోని మంచినీళ్ళు ఇచ్చాడు. శస్త్రచికిత్స జరిగిన మనిషి ఆ ఎండలో రెండు గంటలు రోడ్డు ప్రక్కన కూర్చుండవలసి వచ్చింది. ఆనాటి వైద్యుని దర్శనం తప్పింది. మరల తేదీ దొరుకుటకు మూడు వారాలు పట్టింది.

బండిని కట్టి లాగించి కర్నూలుకు తెచ్చి, ఒక షెడ్డులో చేర్చాము. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన బానెట్టు ఎత్తి, తాళం త్రిప్పగానే, ఇంజను ఇంకా అంటుకొనకముందే ఫ్యాను తిరుగుట చూచి నవ్వారు. "సార్, ఈ జ్వరం ఇవాళ్టిది కాదు. ఎవరో మందేసి దాచి పెట్టినారు" అన్నారు. ఫ్యాను వేడిని బట్టి తిరిగి, ఆగవలె. దానిని ఎవరో నేరుగా తాళానికి కలిపారు. థర్మోస్టాటును తీసివేశారు. మన ఎండలకు అది వృథా అని పలు షెడ్లలో తీసివేసే అలవాటు ఉన్నదట. కొన్ని ఇంజన్లలో అట్లు తీసివేస్తే నీటిలో కొంత భాగం రేడియేటరు దారి పట్టక అడ్డదారిన తిరిగి, భారం పెరిగినప్పుడు వేడి మరింత హెచ్చుతుంది కూడ. చివరకు రేడియేటరును విప్పితే లోపలి నుండి పచ్చని బురద వచ్చింది. ఉస్తాద్ దానిని వ్రేలితో తీసి వాసన చూచి, మా చేతికిచ్చారు. పసుపు!

రేడియేటరులో చిన్న పగులు ఉంటే రెండు చెంచాల పసుపు వేయుట మన దేశపు రహదారి వైద్యం. గాయానికి అమ్మ పసుపు అద్దినట్లే. అది పగులులో పేరుకొని కారుటను కొన్నాళ్ళు ఆపుతుంది. పట్టణం చేరుటకు అది ఉపాయమే గాని, చికిత్స కాదు. ఆ పసుపే సన్నని గొట్టాలను కూడ పూడుస్తుంది. అంతకుముందే ఆ గొట్టాలలో బోరు నీటి వలన సున్నపు పెచ్చు కట్టి ఉన్నది. ఇంటిలో నీళ్ళు కాచే రాడ్డుకు పట్టే తెల్లని పెచ్చు వంటిదే అది. కూలెంటు అనే ద్రవం పోయవలసిన చోట ఎవరో ఏండ్ల తరబడి కుళాయి నీరు పోశారు. కూలెంటులోని గ్లైకాల్ మరుగు స్థానాన్ని పెంచుతుంది. అందులో కలిపిన ఇతర పదార్థాలు తుప్పును నివారిస్తాయి. (అది రుచికి తీపి, కాని విషం. పిల్లలకు, పశువులకు అందకుండ ఉంచవలె.)

జనవరి చలిలో, నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఆగకుండ తిరిగే ఫ్యాను క్రింద ఈ లోపాలలో ఒక్కటీ బయటపడదు. ఐదుగురు మనుషులు, ఏసీ, జాతీయ రహదారి, మే నెల – ఈ నాలుగూ కలిసిన నాడు పసుపు పట్టు విడిచింది.

ఇంజను పైభాగమైన సిలిండర్ హెడ్డును విప్పిన తరువాత మరొక సంగతి తెలిసింది. నూనె మూత అడుగున ఇరానీ చాయ్ రంగులో మీగడ వంటి పదార్థం ఉన్నది. నూనెలో నీరు కలిసింది. హెడ్డు అల్యూమినియం, దాని క్రింది దిమ్మె పోత ఇనుము. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అల్యూమినియం తన పొడవులో పది లక్షలకు సుమారు 23 పాళ్ళు, పోత ఇనుము సుమారు 11 పాళ్ళు పెరుగుతాయి. నలభై సెంటీమీటర్ల పొడవున్న హెడ్డు 30 డిగ్రీల నుండి 110 డిగ్రీలకు వేడెక్కినదనుకొందాం. అల్యూమినియం 0.74 మిల్లీమీటర్లు, ఇనుము 0.35 మిల్లీమీటర్లు సాగుతాయి. ఈ తేడాను తట్టుకొనునట్లే వాటి నడుమ గాస్కెట్టును అమరుస్తారు. అయితే నీరు లేని ఇంజనులో హెడ్డు ఒక చోట విపరీతంగా, మరొక చోట తక్కువగా వేడెక్కుతుంది; సాగుటకు బోల్టులు అడ్డుపడతాయి; లోహం వంగుతుంది. ఉస్తాద్ ఉక్కు బద్దను హెడ్డుపై నిలిపి, రెండవ, మూడవ సిలిండర్ల నడుమ రేకుల గేజిని దూర్చారు. 0.15 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది. చిన్న ఇంజన్లలో సాధారణంగా 0.05 దాటరాదు. తల వెంట్రుక అంతటి మందం, బండిని నిలిపివేసింది.

హెడ్డును లేత్ షాపుకు పంపి చదును చేయించారు. కొత్త గాస్కెట్టు, కొత్త బోల్టులు, రేడియేటరు, థర్మోస్టాటు వేశారు. విప్పిన చోటనే ఉన్నవి గనుక వాటర్ పంపు, టైమింగ్ బెల్టు కూడ మార్చారు. టైమింగ్ బెల్టు వయసు మాకు తెలియదు. అది నడుమ తెగితే పలు ఇంజన్లలో కవాటాలు పిస్టన్లకు తగిలి మొదటికే మోసం వస్తుంది. పాత కారు కొన్నవారు దాని సంగతి తెలియకపోతే ముందే మార్చుట మేలని ఉస్తాద్ మాట. బోల్టులను నడుమ నుండి అంచులకు, ఒక్కొక్క వరుసగా, కొలిచిన బలంతో బిగించుట మేము దగ్గర నిలబడి చూచాము. చదువుకోలేదని చెప్పుకొనే ఆ మనిషి పని మా ప్రయోగశాలలో చాలామంది పనికంటె క్రమంగా ఉన్నది.

ఖర్చు: సామాను 18,200, కూలి 8,000, బండి లాగించినందుకు 4,500, వెరసి 30,700 రూపాయలు. బీమా ఉన్నదిగదా అని నాన్నగారు అడిగారు. ప్రమాదం జరిగితేనే బీమా. అరుగుదలకు, యంత్రం చెడిపోవుటకు సాధారణ వాహన బీమా వర్తించదు. చెల్లెలి ఫీజు డబ్బు తీయక తప్పలేదు.

ఇక బాబాయి విషయం. ఇంటిలో రెండు పక్షాలయ్యాయి. ఆయన తెలిసే అమ్మారని అన్నయ్య. ముప్పయ్యేండ్ల స్నేహాన్ని పసుపు బురదలో పడవేయవద్దని అమ్మ. చివరకు నాన్నగారు, అన్నయ్య, మేము కలిసి వెళ్ళాము. కాఫీ ఇచ్చి, అంతా విని ఆయన ఇట్లన్నారు: "నాయనా, బండి ఆగినప్పుడల్లా షెడ్డువాడికి ఇచ్చాను, తెచ్చుకున్నాను. వాడేం వేశాడో, ఏం తీశాడో నాకేం తెలుసు? రెండేళ్ళ క్రితం ఒకసారి నీళ్ళు కారితే బాగుచేశానన్నాడు. ఆ మాట మీకు చెప్పాలని తోచలేదు." తరువాత లోపలికి పోయి తన ఫోను తెచ్చి అన్నయ్య ముందు పెట్టారు. మార్చి నెలలో అతివేగానికి పడిన చలానా. ఫోటోలో మా కారు. పేరు మాత్రం ఆయనది. "ఇది మీకు చెప్పి నొప్పించడం ఇష్టం లేక నేనే కట్టాను. ఐదు నెలలైంది, ఆర్సీ ఇంకా నా పేరుతోనే ఉంది."

మాకు మాట రాలేదు. ఫిర్యాదుకు పోయిన మేమే తప్పు చేసినవారమైనాము.

చట్టం ఏమంటున్నదో ఆ తరువాత చదివాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో బండి అమ్మినవారు పదునాలుగు రోజులలో, కొన్నవారు ముప్పయి రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయవలె. 29, 30 నంబరు ఫారములు ఇందుకొరకే. ఇందులో ఇరుపక్షాలకూ బాధ్యత ఉన్నది. మేము ఇరువురమూ 'రేపు' అన్నాము. ఆ ఐదు నెలలలో మా బండి ఎవరికైనా తగిలియుంటే? అమ్మివేసినప్పటికీ, రిజిస్టరులో పేరున్న వ్యక్తియే పరిహారానికి బాధ్యుడని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనగా మా అశ్రద్ధకు బాబాయి తన పింఛను సొమ్ముతో జవాబు చెప్పవలసి వచ్చేది. బీమా కూడ ఆయన పేరుతోనే ఉన్నందున, మా బండికి దెబ్బ తగిలితే ఆ నష్టాన్ని రాబట్టుకొనుటా వివాదమయ్యేది.

లోపాల విషయంలో చట్టం కొన్నవాని పక్షాన అంతగా లేదు. 1930 నాటి వస్తువిక్రయ చట్టం ప్రకారం వస్తువు నాణ్యతకు హామీ సాధారణంగా దానికదిగా ఏర్పడదు. ఆ వస్తువుల వ్యాపారియై, అతని నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు వేరు. మౌనం మాత్రమే మోసం కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. తెలిసి, పూనుకొని దాచుట మోసం. పసుపు వేయుట దాచుటయే. కాని వేసినవాడు అమ్మలేదు, అమ్మినవాడు వేయలేదు. వ్యాపారి వద్ద కొంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అండ ఉంటుంది. పాత వాహనాల వ్యాపారులకు అధికార పత్రం ఉండవలెనను నిబంధన కూడ 2023 ఏప్రిల్ 1 నుండి వచ్చింది. ఎరిగినవారి వద్ద కొనుటయే భద్రమని మనమందరం నమ్ముతాము. ఎరిగినవారిని ప్రశ్నలడుగుటకు మనకు మొగమాటం గదా! అపరిచితుని కారైతే మేము మెకానిక్కును వెంట తీసుకుపోయేవారమే.

కాబట్టి కొనదలచినవారు ముందురోజు రాత్రి నుండి ఆగియున్న బండిని చూడవలె. చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి నీటి రంగు చూడవలె. తుప్పు రంగో, పసుపో కనబడితే వెనుదిరుగవచ్చు. నూనె మూత అడుగు చూడవలె, అయితే చలికాలంలో చిన్న దూరాలే తిరిగే బండికి తేమ వలన కొద్దిగా తెల్లదనం పట్టవచ్చు, అంత మాత్రాన భయపడనక్కరలేదు. తాళం త్రిప్పగానే ఫ్యాను తిరిగితే ఎందుకని అడుగవలె. తరువాత అర్ధగంటకు తక్కువ కాకుండ, ఏసీ వేసి, నడిపి, ముల్లు నడుమకు వచ్చి అక్కడ నిలుచుట కళ్ళారా చూడవలె. ఇదంతా చేయుటకు ఉస్తాద్ వంటివారు తీసుకొనే రుసుము, మాకైన 30,700 ముందు లెక్కలోనిది కాదు.

జూన్‌లో బాబాయి, మేము కలిసి రవాణా కార్యాలయానికి పోయి కాగితాలు మార్పించాము. వరుసలో నిలబడినప్పుడు ఆయన నాన్నగారి జేబులో పదివేల రూపాయల కవరు పెట్టారు. నాన్నగారు అందులో చలానా సొమ్మును కలిపి తిరిగి ఇచ్చివేశారు. తీసుకొని ఉండవలసినదని అన్నయ్య, వద్దని అమ్మ నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. చెల్లెలి ఫీజు అపరాధ రుసుముతో జూలైలో కట్టాము. ఆగస్టులో అమ్మను హైదరాబాదు తీసుకుపోయినప్పుడు లీటరుకు పదునైదు వచ్చింది. బీచుపల్లి వంతెన దాటిన తరువాత కారులో కొంతసేపు ఎవరమూ మాటలాడలేదు. అందరమూ ముల్లు వైపే చూస్తున్నాము. అది సగానికి వచ్చి అక్కడే నిలిచింది.